కలుపు మొక్క ముందా, చెనక్కాయ ముందా?

మే నెలాఖరు. అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. పొద్దు గూకాక ఇంటి ముందు కూర్చుని విత్తనానికి చెనక్కాయలు (వేరుశనగ) ఒలుస్తున్నారు. చిన్నాయన ముప్పై ఏళ్లుగా చెనక్కాయ పెడుతున్న రైతు. అమ్మాయి ఆయన అన్న కూతురు, హైదరాబాద్‌లో వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె పరిశోధించే మొక్క పేరు అరబిడాప్సిస్. ఆవాల కుటుంబంలోని జానెడు కలుపు మొక్క. మనకు తిండికీ రాదు, పశువుకు మేతకూ రాదు. అది తెలిసిన రోజు నుంచి చిన్నాయన మనసు ఒప్పుకోవడం లేదు. ఆ పూట వాళ్లిద్దరి మధ్య జరిగిన వాదం ఇది.

చిన్నాయన: ఒక మాట అడుగుతా, నొచ్చుకోవద్దు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట పుట్టావు. అది కూడా కావాల్సిన నాడు పడదు. ఇంత కరువు కళ్లారా చూసిన పిల్లవి, చెనక్కాయను వదిలేసి కలుపు మొక్క మీద ఐదేళ్లు పెడతావా?

అమ్మాయి: చెనక్కాయ కోసమే పెడుతున్నా చిన్నాయనా. చెనక్కాయ చిక్కుముడి లాంటి మొక్క. దక్షిణ అమెరికాలో రెండు అడవి జాతులు కలిసి పుట్టింది. రెండింటి క్రోమోజోములూ దాంట్లోనే ఉన్నాయి, మొత్తం 40. ఒక జన్యువును ఆపి ఏం జరుగుతుందో చూద్దామంటే, దాని జోడు ఆ పని చేసేస్తుంది. మనకేమీ కనిపించదు. అరబిడాప్సిస్‌కు పదే క్రోమోజోములు. విత్తు నాటిన ఆరు వారాలకు మళ్లీ విత్తు చేతికొస్తుంది. దాని జన్యుపటం 2000లోనే పూర్తయింది. సాగులో ఉన్న చెనక్కాయది వచ్చేసరికి 2019.

చిన్నాయన: సులువైన మొక్క కాబట్టి దాన్ని పట్టుకున్నారు. మా కష్టం సులువైంది కాదే.

అమ్మాయి: సరే, నీ చేనులోకే వద్దాం. బెట్ట తగిలితే మిట్టమధ్యాహ్నం చెనక్కాయ ఆకులు ముడుచుకుంటాయి కదా?

చిన్నాయన: దోసిలి పట్టినట్టు దగ్గరికొస్తాయి. సాయంత్రానికి మళ్లీ విచ్చుకుంటే ఇంకా ప్రాణం ఉందని లెక్క. విచ్చుకోకపోతే ఆ రాత్రి మాకు అన్నం దిగదు.

అమ్మాయి: అదే సమయంలో కంటికి కనబడనిది ఇంకొకటి జరుగుతుంది. ఆకు మీది సన్నటి రంధ్రాలు మూసుకుంటాయి, ఉన్న నీళ్లు ఆవిరైపోకుండా. మూసుకోమని చెప్పేది అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను. అది ఉందని 1960లలోనే తెలుసు. ఆ మాటను కణంలో ఎవరు వింటున్నారో మాత్రం నలభై ఏళ్లకు పైగా తేలలేదు. 2009లో తేలింది, ఈ కలుపు మొక్కలోనే. వినేవి ఒకటి కాదు, 14 ఉన్నాయి. ఒకటి లేకపోతే మిగతావి అందుకుంటాయి, అందుకే అన్నేళ్లు దొరకలేదు. అంత చిన్న మొక్కలోనే ఇంత మరుగు ఉంటే, నేరుగా చెనక్కాయలో వెతికితే ఎప్పటికి దొరికేవి?

చిన్నాయన: 2009 అన్నావు. ఆ తర్వాత ఎన్ని కరువులు చూశాం! నా చేనుకు ఏం వచ్చింది?

అమ్మాయి: నీ చేనుకు ఇంకా రాలేదు. వరికి వచ్చింది. ఆకు రంధ్రాల మీద పట్టున్న డీఎస్‌టీ అనే జన్యువును మన ఎంటీయూ 1010 వరిలో సవరించి, కొత్త రకాన్ని 2025 మేలో ప్రకటించారు.

చిన్నాయన: వరికి! కాలువ నీళ్లున్న వాళ్లకు! చూడు తల్లీ, నేను చదువుకు శత్రువును కాదు. కదిరి-6 వేశాను, కాసింది. అది మన కదిరి పరిశోధన కేంద్రంలో పుట్టింది. ఈ ఎర్ర నేలలో పెట్టి, ఎండబెట్టి, నిలబడిన దాన్ని ఏరి ఇచ్చారు. అంతకు ముందు మా నాయన, అంటే మీ తాత, వేసింది టీఎంవీ-2. అది 1940 నాటి రకం. ఎందుకు అన్నేళ్లు అదే వేశారు? కొత్త రకాలు లేకనా? ఉన్నాయి, విత్తనం అందలేదు. ఎకరాకు 60 కిలోలకు పైగా పప్పు కావాలి. జొన్న లాగా గుప్పెడు గింజలతో పొలం నిండదు. ఒక మూట విత్తితే తిరిగొచ్చేది ఎనిమిదో పదో మూటలు, అది కూడా వాన కరుణిస్తే. మీ ల్యాబులో అద్భుతమే పుట్టినా, ఊరూరికీ విత్తనం చేరేసరికి ఎన్నేళ్లో లెక్క వేశావా?

(అమ్మాయి దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. ఆ రాత్రి ఆయన అన్న మాటల్లో అన్నిటికన్నా బరువైనది ఇదేనని నా అభిప్రాయం. పరిశోధన గురించి మాట్లాడేటప్పుడు విత్తనం మూట బరువును మనం తూచం.)

అమ్మాయి: నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. అయితే పరిశోధన కష్టం దగ్గరే మొదలవ్వాలి అనే మాట ఒప్పుకోను. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. వెతికితే వాటి దాణాలో కలిసిన చెనక్కాయ పిండిలో విషం దొరికింది. బూజు పెట్టిన విషం.

చిన్నాయన: అఫ్లాటాక్సిన్. మాకు శిక్షణలో చెప్పారు. నువ్వే నా మాట నిలబెడుతున్నావు. కోళ్లు చచ్చాయి, ఎందుకని వెతికారు, దొరికింది. కష్టం ముందు, పరిశోధన తర్వాత.

అమ్మాయి: అంత తొందరగా ఎందుకు దొరికిందో కూడా విను. ఆ బూజుకు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అని 1809లోనే పేరు పెట్టి ఉంచారు. ఎవరికీ అక్కరలేని బూజులను నూట యాభై ఏళ్లు వరసగా చూసి, గీసి, రాసి పెట్టినవాళ్లు లేకపోతే కోళ్లు చచ్చిన నాడు ఎక్కడ వెతికేవాళ్లు? ఆ విషం కాలేయంలో ఏం చేస్తుందో తెలిసిందీ అలాగే. విషాన్ని బయటికి పంపాలని కాలేయం చేసే పనే దాన్ని ఇంకా చురుకైన విషంగా మారుస్తుంది. అది పోయి పి53 అనే జన్యువును దెబ్బతీస్తుంది. మన కణాలు అదుపు తప్పకుండా కాపలా కాసేది ఆ జన్యువే. అఫ్లాటాక్సిన్ ఎక్కువగా తినే ప్రాంతాల కాలేయ క్యాన్సర్లలో దెబ్బ తరచుగా ఒకే చోట, 249వ స్థానంలో కనబడిందని 1991లో తేలింది. ఆ జన్యువును మొదట పట్టుకున్నవాళ్లు చెనక్కాయ కోసం వెతకలేదు.

చిన్నాయన: బూజు ఎప్పుడు పడుతుంది? చివరి నెలలో బెట్ట వస్తే.

అమ్మాయి: అవును. తేమ ఉన్నంత సేపు గింజ తనంతట తాను బూజును ఆపే పదార్థాలు తయారు చేసుకుంటుంది. గింజ ఎండుతూ ఉంటే ఆ శక్తి పోతుంది. బూజు మాత్రం ఆ కాస్త తేమలోనే పెరుగుతుంది. అదే బెట్ట నీ చేనులో దిగుబడిని కొడుతుంది, తిన్నవాళ్ల కాలేయాన్నీ కొడుతుంది.

చిన్నాయన: ఇంత తెలిసినవాళ్లు కాయలు ఆరబెట్టుకోవడానికి ఒక కల్లం కట్టిస్తే సగం బూజు పోతుంది కదా! పీకినాక వాన తగిలితే రోడ్డు మీద పోసి ఆరబెట్టుకుంటున్నాం.

అమ్మాయి: కల్లం కావాలి. అడుగుదాం, నేనూ వస్తా. అయితే నేలలో ఉండగానే పట్టిన బూజుకు కల్లం ఏం చేస్తుంది?

చిన్నాయన: ...సరే. ఇంకొకటి చెప్పు. ఊడలు (పూత నుంచి మట్టిలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమంటారు. వేరుకు ఎరువు వేశాక మళ్లీ కాయ దగ్గర ఎందుకు?

అమ్మాయి: కాల్షియం నీళ్లతో పాటు పైకి పోతుంది. ఆకు నుంచి నీళ్లు ఆవిరవుతాయి కాబట్టి ఆకుకు అందుతుంది. కాయ మట్టిలో ఉంది, దాని నుంచి ఆవిరి పోదు. అందుకని కాయ తన కాల్షియాన్ని తన చర్మంతోనే మట్టిలోంచి పీల్చుకోవాలి. అందకపోతే తాలు కాయలు. 1949లో రేడియోధార్మిక కాల్షియం పెట్టి, కాయ ఎలా పీలుస్తుందో చూశారు.

చిన్నాయన: చెనక్కాయ మీదే చూశారు! కలుపు మొక్కకు ఊడలున్నాయా?

అమ్మాయి: (కాసేపు ఆగి) లేవు. ఇక్కడ నువ్వే గెలిచావు. కొన్ని ప్రశ్నలు చెనక్కాయే అడుగుతుంది, చెనక్కాయే చెప్పాలి.

చిన్నాయన: అయితే నాకొకటి చెప్పు. గట్టి నేలలో ఊడ దిగలేక పైనే వేలాడుతుంది. అది ఎన్నాళ్లున్నా కాయ కట్టదు. అదే ఊడ మట్టిలో పడితే ఊరుతుంది. దానికెట్లా తెలుసు?

అమ్మాయి: చీకటి వల్ల. వెలుతురులో ఉన్నంత కాలం లోపలి పిండం ఎదుగుదల ఆపేస్తుంది. మట్టిలోకి దిగి చీకటి తగిలాక మళ్లీ మొదలుపెడుతుంది. మొక్కకు వెలుతురును కనిపెట్టే ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంది. దాని జాడ 1952లో లెట్యూస్ అనే ఆకుకూర గింజల్లో తెలిసింది. తర్వాత దాని గుట్టు చాలావరకు విప్పింది నా కలుపు మొక్కే.

చిన్నాయన: అట్లా అయితే గట్టి నేలలో కూడా దిగే ఊడ, బెట్టలో కూడా ఆగని ఊడ ఎట్లా వస్తుందో చూడు. నాకు కావాల్సింది అది.

అమ్మాయి: చూడాలంటే నీ నేల కావాలి. కుండీలో చూస్తే చాలదు. అర ఎకరా ఇస్తావా? నాలుగైదు రకాలు పక్కపక్కన పెడదాం.

చిన్నాయన: పంట పోతే?

అమ్మాయి: పోయినా ఫలితమే. ఏ రకం ఎందుకు పోయిందో తెలుస్తుంది.

చిన్నాయన: నీకు ఫలితం, నాకు అప్పు. నీ ప్రయోగం తప్పితే నువ్వు రాసుకుంటావు, నా ప్రయోగం తప్పితే నేను కట్టుకోవాలి. ఈ తేడా మీ చదువులో ఎక్కడైనా రాసి ఉందా?

(ఒలిచిన పప్పు చేటలో పోస్తున్న చప్పుడు తప్ప కాసేపు ఇంకేమీ వినపడలేదు.)

అమ్మాయి: రాసి లేదు. నేను రాస్తాను. ప్రాజెక్టు కాగితంలో విత్తనం ఖర్చు, సేద్యం ఖర్చు, పంట పోతే ఆ అర ఎకరాకు ఇవ్వాల్సిన డబ్బు కలిపి అడుగుతా. వాళ్లు ఒప్పుకుంటేనే విత్తుదాం.

చిన్నాయన: తెలుగులో రాసి నాకు చదివి వినిపించు. వానలు మొదలయ్యేలోపు. ఆ తర్వాతే సంతకం.