‘హీరో’లో ఉన్నవి రంగులేనా? స్థిరపడిపోయిన ఒక తీర్పుకు ఖండన

జాంగ్ యిమౌ దర్శకత్వంలో 2002లో వచ్చిన చైనా కత్తియుద్ధ చిత్రం ‘హీరో’ గురించి ప్రేక్షకుల్లో ఒక తీర్పు స్థిరపడిపోయింది. ఇరవై ఏళ్లు దాటినా, ఆ సినిమా ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా అదే వాదన కొద్దిపాటి మాటల తేడాతో వినిపిస్తుంది. కంటికి ఇంపుగా ఉంటుంది గానీ కథ లేదని, ఉన్న కాస్త కథా జపాన్ దర్శకుడు కురొసావా తీసిన ‘రషోమాన్’ నుంచి ఎత్తుకొచ్చిందని, మనుషులు నీళ్ల మీదా ఆకుల మీదా ఎగురుతుంటే నమ్మలేమని, నటులు బొమ్మల్లా నిలబడతారని, పాశ్చాత్యుల మెప్పు కోసం తీశారని, అన్నిటికీ మించి చివర్లో ఒక నియంతకు సాష్టాంగపడుతుందని అంటారు. వీటిలో ఒక్క అంశంలో కొంత నిజం ఉంది. దాని దగ్గరికి చివర్లో వస్తాను. మిగిలిన ఆరోపణలు నిలబడవు. వాటికి సమాధానం బయటెక్కడో వెతకనక్కర్లేదు, సినిమాలోనే ఉంది.

ముందుగా కథ లేదన్న మాట చూద్దాం. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో, ఏడు రాజ్యాలు ఒకదానితో ఒకటి తలపడుతున్న కాలంలో, చిన్ రాజు మిగతా ఆరింటినీ జయించే ప్రయత్నంలో ఉంటాడు. జావో రాజ్యానికి చెందిన స్కై, స్నో, బ్రోకెన్ స్వోర్డ్ అనే ముగ్గురు యోధులు అతని ప్రాణం తీయాలని చూస్తుంటారు. మూడేళ్ల కిందట స్నో, బ్రోకెన్ స్వోర్డ్ ఏకంగా రాజప్రాసాదంలోకే చొరబడ్డారు. అప్పటి నుంచి రాజు తన సభామందిరాన్ని ఖాళీ చేయించి, నూరడుగుల లోపలికి ఎవరూ రాకూడదని శాసించాడు. నేమ్‌లెస్ అనే ఒక చిన్న అధికారి ఆ ముగ్గురినీ చంపానంటూ వారి ఆయుధాలను సాక్ష్యంగా తెస్తాడు. స్కైని చంపినందుకు రాజుకు ఇరవై అడుగుల దూరం వరకు, మిగతా ఇద్దరిని చంపినందుకు పది అడుగుల దూరం వరకు వచ్చి కూర్చునే అర్హత అతనికి దక్కుతుంది. పది అడుగుల లోపు గురి తప్పని విద్య అతనిది. అంటే అతను చెప్పే ప్రతి కథా అతన్ని రాజు గొంతుకు దగ్గర చేస్తోంది. కూర్చుని మాట్లాడుకునే ఇద్దరు మనుషుల మధ్య ఇంత ఉత్కంఠ పుట్టించిన కథనాన్ని పట్టుకుని కథే లేదనడం అన్యాయం.

దీని వెనుక ఒక చారిత్రక జ్ఞాపకం కూడా ఉంది. క్రీ.పూ. 227లో జింగ్ క అనే వ్యక్తి కానుకగా తెచ్చిన పటం చుట్టలో విషం పూసిన బాకు దాచి ఇదే చిన్ రాజు మీద దాడి చేశాడని చరిత్రకారుడు సీమా చియెన్ రాశాడు. పట్టుకున్న చొక్కా చెయ్యి చిరిగిపోయింది, రాజు స్తంభం చుట్టూ పరుగెత్తాడు, సభలో ఆయుధాలు ధరించరాదన్న నియమం వల్ల కొలువులోని వారెవరూ అడ్డుకోలేకపోయారు, రాజవైద్యుడు చేతిలోని మందుల సంచి విసిరాడు. చైనా ప్రేక్షకులకు ఈ కథ సుపరిచితం. ఖాళీ మందిరం, నూరడుగుల నియమం, కానుకలు పట్టుకుని వచ్చిన అపరిచితుడు కనిపించగానే వారికి జింగ్ క గుర్తుకొస్తాడు. ఆ నేపథ్యం తెలియనివారికి కథ పలచగా తోచవచ్చు. అది సినిమా లోపం కాదు.

ఇక ‘రషోమాన్’ సంగతి. ఒకే సంఘటనను వేర్వేరుగా చెప్పడం రెండు చిత్రాల్లోనూ ఉన్న మాట నిజమే, పోలిక అక్కడితో ఆగిపోతుంది. 1950 నాటి కురొసావా చిత్రంలో సాక్షులు ఎవరికి వారు తమ కథ చెబుతారు, అసలు జరిగిందేమిటో చివరికీ తేలదు. ‘హీరో’లో కథలు ఆయుధాలు, ఒక్కో కథకు తెర మీద ఒక్కో రంగు. నేమ్‌లెస్ మొదట ఎర్రని కథ చెబుతాడు. అందులో స్నో, బ్రోకెన్ స్వోర్డ్ అసూయతో ఒకరినొకరు నాశనం చేసుకుంటారు. రాజు దాన్ని నమ్మడు. వారిద్దరి కత్తిని ఎదుర్కొన్నవాడు కాబట్టి, అంత నీచంగా ప్రవర్తించే మనుషులు కారని అతనికి తెలుసు. అప్పుడు రాజే నీలి రంగులో తన ఊహ చెబుతాడు. అందులో వారు ఒకరి కోసం ఒకరు ప్రాణాలిచ్చే ప్రేమికులు. ఆ తర్వాతే నేమ్‌లెస్ తెల్లని కథలో నిజం ఒప్పుకుంటాడు. దాని లోపల ఆకుపచ్చని జ్ఞాపకంగా మూడేళ్ల కిందటి దాడి వస్తుంది. అబద్ధం నుంచి ఊహకు, ఊహ నుంచి నిజానికి మెట్టు మెట్టుగా సాగిన ఈ క్రమంలో ఇద్దరు శత్రువులు ఒకరినొకరు చదువుకుంటారు. ‘రషోమాన్’లో ఇలాంటి ప్రయాణం లేదు, ఉండాల్సిన పనీ లేదు.

రంగులు అలంకారం కోసమేనన్న వాదన కూడా ఇక్కడే వీగిపోతుంది. ఏ రంగు కనిపిస్తే ఆ కథ ఎవరు చెబుతున్నారో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో ప్రేక్షకుడికి తెలుస్తుంది. ఎమీ వాడా రూపొందించిన దుస్తులు, క్రిస్టఫర్ డాయిల్ ఛాయాగ్రహణం ఆ పనిని మాటల అవసరం లేకుండా చేశాయి. ఎర్రని కథలో బంగారు రంగు ఆకుల అడవిలో స్నో మీద బ్రోకెన్ స్వోర్డ్ శిష్యురాలు మూన్ కత్తి దూస్తుంది; మూన్ నేలకొరిగిన క్షణంలో అడవి మొత్తం పసుపు నుంచి రక్తవర్ణానికి మారిపోతుంది. ప్రకృతిలో ఇలా జరగదు. అబద్ధం చెబుతున్నవాడి అతిశయోక్తిలో జరుగుతుంది. జాంగ్ యిమౌ దర్శకుడు కాకముందు ఛాయాగ్రాహకుడన్న సంగతి, 1984 నాటి ‘ఎల్లో ఎర్త్’కు కెమెరా పట్టింది ఆయనేనన్న సంగతి గుర్తుంచుకుంటే, ఆయన చేతిలో రంగు ఎందుకు కథ చెప్పే సాధనమైందో ఆశ్చర్యం కలగదు.

గాల్లో ఎగరడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వూషియా అనే చైనా కత్తివీరుల కథల సంప్రదాయంలో శరీరాన్ని తేలిక చేసుకునే విద్య టాంగ్ రాజుల కాలపు కథల్లోనే ఉంది, షాంఘైలో మూకీల రోజుల నుంచే తెర మీద ఉంది. రోప్ షాట్లకు ఇంతగా అలవాటుపడిన తెలుగు ప్రేక్షకులు ఈ ఒక్క సినిమా దగ్గర భూమ్యాకర్షణ సూత్రాలు గుర్తు చేయడం నాకు సబబుగా తోచదు. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఫైట్ మాస్టర్ చింగ్ సియూ తుంగ్ ఎక్కువగా గాల్లో తేల్చిన రెండు పోరాటాలను తీసుకోండి. పసుపు ఆకుల అడవిలోని పోరాటం నేమ్‌లెస్ కల్పించిన అబద్ధంలోది. సిచువాన్‌లోని జియూజాయ్‌గౌ సరస్సు మీద నేమ్‌లెస్, బ్రోకెన్ స్వోర్డ్ నీటిని తాకుతూ తలపడే ఘట్టం రాజు ఊహలోది. కథ ప్రకారం ఆ రెండూ అలా జరిగినవి కావు. ఇక చదరంగశాలలో వర్షపు చూరు కింద నేమ్‌లెస్‌కూ స్కైకీ జరిగే పోరులో, అంధ వాద్యకారుడు తీగలు మీటుతుండగా ఇద్దరూ కళ్లు మూసుకుని నిలబడతారు. ఆ కాసేపూ యుద్ధం వారి మనసుల్లో నలుపు తెలుపుల్లో సాగుతుంది. నమ్మశక్యంగా లేదని ఫిర్యాదు చేస్తున్న దృశ్యాలను నమ్మమని సినిమా అడగనేలేదు.

నటన బొమ్మలాటలా ఉందన్నవారు ఎవరు ఎవరి ముందు కూర్చున్నారో గమనించాలి. తాను చంపబోయే రాజు ఎదుట కూర్చుని అబద్ధం చెబుతున్న మనిషి ముఖంలో ఏదీ కనబడకూడదు. నేమ్‌లెస్‌గా నటించిన జెట్ లీ ముఖం కదలకపోవడం ఆ పాత్రకు ప్రాణావసరం. అతను దాచుకున్నదాన్ని బయటపెట్టేవి ఇద్దరి మధ్యా వెలుగుతున్న దీపాలు. జ్వాలలు రెపరెపలాడటం చూసి ఎదుటివాడి మనసులోని హత్యోద్దేశాన్ని రాజు పసిగడతాడు. రాజు పాత్రధారి చెన్ దావోమింగ్ ఆ క్షణంలో గొంతు పెంచడు, ఆసనం నుంచి లేవడు. మరోవైపు స్నోగా మ్యాగీ చుంగ్, బ్రోకెన్ స్వోర్డ్‌గా టోనీ లియుంగ్ ఒకే మనుషులను మూడు స్వభావాలతో పోషించారు. ఎర్రని కథలో పగతో రగిలే స్నోకూ, తెల్లని కథలో మూడేళ్లుగా ప్రియుడితో మాట మానేసిన స్నోకూ నడకలోనే తేడా ఉంది. జనం చూడాలనుకున్నది జెట్ లీ, స్కై పాత్రధారి డానీ యెన్ల పోరాటం మరింత సేపు ఉండాలని అయితే, ఆ నిరాశను అర్థం చేసుకోగలను. దాన్ని నటన మీద విమర్శగా మార్చడం మాత్రం తగదు.

పాశ్చాత్యుల కోసం తీసిందన్న ఆరోపణకు తేదీలే జవాబు చెబుతాయి. చైనాలో ఈ చిత్రం 2002 డిసెంబరులో విడుదలై, సుమారు 25 కోట్ల యువాన్లు వసూలు చేసి, అప్పటి వరకు ఏ చైనా చిత్రానికీ రానంత రాబడి సాధించింది. అమెరికాలో పంపిణీ హక్కులు కొన్న సంస్థ దాదాపు రెండేళ్లు దాన్ని పక్కన పెట్టి, 2004 ఆగస్టులో గానీ థియేటర్లకు పంపలేదు. అక్కడ మొదటి వారాంతంలోనే వసూళ్లలో ప్రథమ స్థానం దక్కింది. ముందు సొంత దేశం ఆదరించిన తర్వాత బయటివారు మెచ్చుకుంటే, అది బయటివారి కోసమే తీసినదని ఎలా అంటాం?

మిగిలింది అన్నిటికంటే బరువైన ఆరోపణ. పది అడుగుల దూరానికి చేరిన నేమ్‌లెస్ రాజును చంపకుండా వదిలేస్తాడు, దేశమంతా ఒక్కటైతే యుద్ధాలు ఆగుతాయన్న బ్రోకెన్ స్వోర్డ్ మాటకు తలొగ్గుతాడు, కాబట్టి ఇది నిరంకుశత్వానికి ప్రచారమని అంటారు. ఈ మాట అనేవారిలో చాలామంది ఆలోచనాపరులే. వారి ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే వారు ఆ ఒక్క నిర్ణయాన్ని తీసుకుని, దాని చుట్టూ సినిమా పేర్చిన సాక్ష్యాన్ని వదిలేస్తున్నారు.

జావోలోని లిపి పాఠశాల ఘట్టాన్ని చూడండి. చిన్ సైన్యం బాణాలు కప్పును చీల్చుకుని లోపలికి దూసుకొస్తుంటాయి, విద్యార్థులు కూలిపోతుంటారు. వృద్ధ గురువు మిగిలినవారిని తిరిగి కూర్చోబెట్టి, చిన్ బాణాలు మన నగరాలను కూల్చగలవేమో గానీ మన లిపిని తుడిచేయలేవని చెప్పి, రాయడం కొనసాగించమంటాడు. నేమ్‌లెస్ ఈ కథ చెబుతున్న సభామందిరంలోనే, ‘కత్తి’ అనే ఒక్క అక్షరాన్ని పంతొమ్మిది రకాలుగా రాస్తారని, బ్రోకెన్ స్వోర్డ్ రాసింది ఇరవయ్యోదని తెలిసిన రాజు, అన్ని రాజ్యాలనూ జయించాక ఈ గందరగోళం తీసేసి ఒక్క పద్ధతే ఉంచుతానంటాడు. రాజ్యాలు ఏకమయ్యాక లిపి నిజంగానే ఏకమైంది. అంటే ఏకీకరణ వల్ల ఏది పోతుందో, ఎవరు పోతారో సినిమా ముందే చూపించింది. పైగా గురువు మాటను రాజు చెవిలో వేస్తున్నది నేమ్‌లెస్. కుటుంబాన్ని చిన్ సైనికుల చేతిలో పోగొట్టుకున్న జావో మనిషి తన కట్టుకథలోనే ఆ ధిక్కారాన్ని రాజు ముఖం మీద వినిపిస్తున్నాడు. ప్రచార చిత్రం తీయదలచినవాడు ఈ ఘట్టాన్ని ఉంచుకోడు.

ముగింపులో రాజు గొప్పతనమే మిగిలిందన్నది కూడా సరికాదు. తన కత్తిని నేమ్‌లెస్‌కు విసిరి, వీపు తిప్పి, తనను తాను అప్పగించుకున్న రాజే కాసేపటికి అతని మరణశిక్షకు ఆజ్ఞ ఇవ్వాల్సి వస్తుంది. కొలువంతా ఒక్క గొంతుతో చట్టాన్ని అమలు చేయమని అరుస్తుంది. తనను అర్థం చేసుకున్న ఒక్క మనిషిని కూడా తన చట్టం నుంచి ఆ రాజు కాపాడలేకపోతాడు. వేలాది బాణాలు దిగిన కోటగోడ మీద మనిషి ఆకారంలో బాణాల్లేని చోటు ఒకటి మిగులుతుంది. దానిలో విజయోత్సాహాన్ని చూడగలిగినవారితో నేను ఏకీభవించలేను.

ఇప్పుడు ఒప్పుకోవాల్సిన అంశం. చివర తెర మీద కనిపించే వాక్యాలు రాజు రాజ్యాలను ఏకం చేశాడని, ప్రజల రక్షణకు మహాకుడ్యం కట్టించాడని చెబుతాయి. ఆ గోడ కోసం వెట్టిచాకిరీ చేసినవారి ప్రస్తావన లేదు. క్రీ.పూ. 213లో గ్రంథాలు తగలబెట్టించిన సంగతి లేదు. క్రీ.పూ. 221లో మొదలైన ఆ సామ్రాజ్యం రాజు మరణం తర్వాత కొద్ది ఏళ్లకే, మొత్తం పదిహేనేళ్లలోపే, తిరుగుబాట్లలో కూలిపోయిందన్న నిజమూ లేదు. ఆ వాక్యాలు సినిమా స్థాయికి తగినవి కావు. వాటిని ఎత్తిచూపి నిలదీసేవారిది న్యాయమైన ఫిర్యాదు, అందులో నేనూ వారి పక్షమే.

కానీ ఆ రెండు మూడు వాక్యాలను బట్టి సినిమా మొత్తాన్ని తూచేవారు స్నోను మరచిపోతున్నారు. ఆమె తండ్రి చిన్ సైన్యంతో పోరాడి చనిపోయినవాడు. రాజును చంపే అవకాశం చేతికి వచ్చినా వదులుకున్నందుకే బ్రోకెన్ స్వోర్డ్‌తో ఆమె మూడేళ్లు మాట్లాడలేదు. రాజు ఇంకా బతికే ఉన్నాడని తెలిశాక ఎడారిలో బ్రోకెన్ స్వోర్డ్ మీదికే కత్తి దూస్తుంది. ఆమెను నమ్మించడానికి వేరే దారి లేక అతను కత్తి జారవిడిచి ఆమె చేతిలో చనిపోతాడు. అదే కత్తితో ఆమె తన ప్రాణమూ తీసుకుంటుంది. అతని మీద ప్రేమతో, దుఃఖంతో ఆమె కుప్పకూలుతుందే తప్ప, రాజును వదిలేయడం సరైన పనేనని సినిమా ఆమె చేత ఎక్కడా అనిపించదు.