కీ మీద రాసింది నమ్మినవాడిదే తప్పు

కమాండ్లు టైప్ చేసే తెర అయిన టెర్మినల్‌లో, ఫైళ్లు రాసే ఎడిటర్ తెరిచి బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం చెరగలేదని, పైగా ఒక టోపీ గుర్తూ దాని పక్కన హెచ్ అక్షరమూ వచ్చి పడ్డాయని ఈ కాలం పిల్లలు గగ్గోలు పెడుతున్నారు. కీ మీద ఏది రాసి ఉంటే ఆ పని జరిగి తీరాలనే దురాశ వీళ్లకు ఎవరు నేర్పారో తెలియదు. టెర్మినల్‌కు సంప్రదాయం ముఖ్యం, మీ సౌకర్యం కాదు.

బ్యాక్‌స్పేస్ నొక్కితే ఏ సంఖ్య వెళ్లాలన్నది అన్నదమ్ముల గట్టు తగాదా. 8 అని ఒకరు, 127 అని ఒకరు. ఇందులో 127ది గొప్ప వంశం. కాగితపు టేపుకు కన్నాలు కొట్టి రాసే రోజుల్లో ఒకసారి పడిన కన్నాన్ని పూడ్చడం ఎవరి వల్లా కాదు. అందుకని తప్పు పడినచోట మిగతా కన్నాలు కూడా కొట్టేసేవారు. ఏడుకి ఏడూ కన్నాలైతే 127, అంటే ‘దీన్ని చదవకు, ముందుకు పో’ అని. టేపు పోయింది, కన్నాలు పోయాయి, 127 మాత్రం మీ కొత్త లాప్‌టాప్‌లో హాయిగా ఉంది. బ్యాక్‌స్పేస్ ఏం చేయాలి, డిలీట్ ఏం చేయాలి అని డెబియన్ అనే లినక్స్ పెద్దలు తమ పాలసీలో ప్రత్యేకంగా రాసి రాజీ కుదిర్చారు. పాత సర్వర్‌లోకి ఒకసారి లాగిన్ అయితే చాలు, తగాదా మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు కంట్రోల్-వి నొక్కి, ఆ వెంటనే బ్యాక్‌స్పేస్ నొక్కాలి. అది అసలు ఏం పంపుతోందో తెర మీద కనిపిస్తుంది. టెర్మినల్ సెట్టింగులు మార్చే ఎస్‌టీటీవై కమాండుకు, చెరిపే కీ అదేనని చెప్పుకోవాలి. ఇంత సులువైన పనికి ఏడుపెందుకు?

ఇక బాణాలు. 1970ల్లో బర్క్‌లీలో బిల్ జాయ్ అనే ప్రోగ్రామర్ వీఐ ఎడిటర్‌ను రాసిన ఏడీఎం-3ఏ టెర్మినల్ యంత్రానికి విడిగా బాణం కీలే లేవు. హెచ్, జే, కే, ఎల్ మీదే బాణాలు ముద్రించి ఉండేవి. ఆయనకు అవి సరిపోయాయి, మీకెందుకు సరిపోవు? కొన్ని సర్వర్లలో వీఐ వారసుడైన విమ్ పాత వీఐ వేషంలో ఉంటుంది. అక్కడ రాస్తూ రాస్తూ పై బాణం నొక్కి చూడండి. బాణం కీ మూడు అక్షరాలు పంపుతుంది: ఎస్కేప్, ఓ, ఏ. ఎస్కేప్ మిమ్మల్ని రాసే మోడ్‌లోంచి బయటికి తెస్తుంది, ఓ పైన కొత్త లైను తెరుస్తుంది, ఏ అందులో కూర్చుంటుంది. మీరు అడిగింది పైకి వెళ్లడం. వెళ్లారు కదా, దారి ఖర్చు ఒక ఏ.

వర్డ్ అలవాటుతో కంట్రోల్-ఎస్ కొట్టేవాళ్ల సంగతి వేరు. చాలాచోట్ల, ముఖ్యంగా పాత విమ్‌లలో, తెర అలాగే బిగుసుకుపోతుంది. సేవ్ చేయమని మీరంటే ‘కాసేపు ఆగు’ అని టెర్మినల్‌కు వినిపించింది, టెలిటైప్ యంత్రాల నాటి మర్యాద అది. మనిషికి టెన్షన్ మొదలై చేతికందిన కీలన్నీ బాదుతాడు. తెర కదలకపోయినా అవన్నీ వరుసలో నిలబడే ఉంటాయి. ఎవరో పుణ్యాత్ముడు వచ్చి కంట్రోల్-క్యూ నొక్కమంటాడు. నొక్కగానే బాదినవన్నీ ఒక్కసారిగా అమలవుతాయి. రెండు డిలు పక్కపక్కన పడి ఉంటే, విమ్‌కు అది లైను కొట్టేయమన్న ఆజ్ఞ, ఒక లైను గల్లంతు. ఎస్‌టీటీవైకి మైనస్ ఐక్సాన్ అని చెబితే ఈ మర్యాద ఆగుతుంది గానీ, అది తెలిసేసరికి ఫైలు ఎలాగూ పోయి ఉంటుంది.

టెర్మినళ్ల నిజాయితీ గురించి ఎక్కువ అడక్కండి. పేరు అడిగితే సగానికి సగం ‘నేను ఎక్స్‌టర్మ్‌ని’ అంటాయి. అసలు ఎక్స్‌టర్మ్ అనే పాత టెర్మినల్ ప్రోగ్రామును మాత్రం ఎవరూ తెరవరు.

మన తెలుగువాళ్లకు ఇందులో ఇంకో సదుపాయం ఉంది. ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు లేఅవుట్‌లో తెలుగు రాసి, దాన్ని మార్చడం మరిచి, విమ్ కమాండు మోడ్‌లోకి వెళ్లండి. హెచ్, జే, కే, ఎల్ కాస్తా ప, ర, క, త అవుతాయి. లైను కొట్టేద్దామని రెండు డిలు నొక్కితే రెండు పొల్లులు వెళ్తాయి. ఇక లాభం లేదని బయటపడటానికి కోలన్ నొక్కితే అక్కడున్న అక్షరం ‘ఛ’. ఎడిటర్ గురించి మనిషి అభిప్రాయం ఎడిటర్‌కే నేరుగా అందే ఏర్పాటు ఇంకే భాషలోనైనా ఉందా?