మూడు సెకన్ల శభాష్

విద్యా చానెల్లో ఆదివారం పొద్దున పదింటికి జానపద గిటారు పాఠం చెప్పే మాస్టారికి ఒక సిద్ధి ఉంది. "ఇప్పుడు మీరు వాయించండి" అంటారు. తన గిటారు మీద చెయ్యి ఆనించి, తల ఓ పక్కకి వాల్చి, కెమెరా వైపు చూస్తూ మూడు సెకన్లు ఆగుతారు. ఆ తర్వాత తృప్తిగా నవ్వి "చాలా బాగుంది!" అంటారు.

పాఠం రికార్డయింది ఎప్పుడో. వినేవాళ్లలో సగం మంది అప్పటికి గిటారే కొనలేదు. అయినా సరే, కొనబోయే గిటారు మీద వాయించబోయే కార్డుని, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తిని, ముందే విని మెచ్చేసుకున్నారాయన. మైలాపూరులో వీణ మాస్టార్లు ఏడేళ్లు ఎదురుగా కూర్చోబెట్టుకుని విన్నాక "ఊఁ, పర్లేదు" అంటారు. అదీ కాఫీ కుదిరిన రోజున. పాపం, వాళ్లకీ విద్య తెలీదు.

తానా అంటే తందానా అనేవాళ్లని మనం చూశాం. తానా అనకముందే తందానా అనే వంతని చూడాలంటే ఈ పాఠమే చూడాలి. బుర్రకథలో వంతలు కూడా కథకుడి మాట చెవిన పడ్డాకే అందుకుంటారు. జానపదం అన్న మాట పేరులో పెట్టుకున్న కార్యక్రమానికి అంతమాత్రం నియమం బరువైపోయింది.

అసలు మూడు సెకన్లలో ఏం జరుగుతుంది? కార్డుల్లోకెల్లా సులువైనది ఈ-మైనర్. ఐదో తీగ, నాలుగో తీగ, రెండూ రెండో ఫ్రెట్టు (గిటారు మెడ మీది అడ్డ కమ్మి) దగ్గర నొక్కాలి. అంతే, రెండే వేళ్లు. కానీ కొత్తగా పట్టుకున్నవాళ్లకి ఐదో తీగని పైనుంచి లెక్కపెట్టాలో కిందనుంచి లెక్కపెట్టాలో తేలేసరికే మూడు సెకన్లు దాటిపోతాయి. మధ్యవేలు పెడతారు. ఉంగరపు వేలు పెట్టబోతే మధ్యవేలు లేస్తుంది. రెండూ కుదిరాయనుకుంటే అరచెయ్యి ఒకటో తీగని తాకి అది మూగబోతుంది. మొత్తానికి మోతలాంటిది ఏదో పుట్టేది పదిహేనో సెకన్లో. అప్పటికి మాస్టారు మెచ్చుకోవడమూ అయింది, రెండో కార్డులోకి దిగడమూ అయింది.

మరి ఆ మూడు సెకన్లలో ఆయన మెచ్చుకున్నది ఎవరిని?

చెన్నై పెరంబూరులో ఐసీఎఫ్ రైలు పెట్టెల కర్మాగారం చుట్టుపక్కల ఏ తెలుగింట్లోకైనా ఆదివారం పదింటికి తొంగి చూడండి. హాల్లో పన్నెండేళ్ల పిల్ల, ఒళ్లో తన సగం ఒంటిని కప్పేసే గిటారు. పక్కన నాన్న, చేతిలో రిమోటు, ముఖంలో గురుకులానికి అప్పగించొచ్చినంత గాంభీర్యం. కింద చాప మీద నాయనమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. వంటింట్లో కందిపప్పు కుక్కరెక్కింది.

"ఇప్పుడు మీరు వాయించండి" అన్నారు మాస్టారు. పిల్ల ఇంకా ఆరో తీగ, అంటే మొదట పెట్టే లావు తీగ, శ్రుతి దగ్గరే ఉంది. కుక్కరు కూతేసింది.

"చాలా బాగుంది! ఈసారి ఇంకొంచెం ధైర్యంగా."

కుక్కరు ధైర్యంగా కూసింది.

"చూశారా, ఎంత తేలికో!"

"మన కుక్కర్నేనా ఆయన అనేది?" అంది నాయనమ్మ.

"అమ్మా, నువ్వూరుకో. పాఠం జరుగుతోంది."

"తప్పులొస్తే నిరుత్సాహపడకండి. ఆపకుండా వాయిస్తూ ఉండండి" అన్నారు మాస్టారు. వంటింట్లో అమ్మ అప్పుడే స్టవ్వు కట్టేసింది. కుక్కరు చదువు అక్కడితో ఆగింది గానీ తరగతి ఆగలేదు. తర్వాతి పాట రైలు గురించి. అమెరికా జానపదుల పాటల్లో సగం రైళ్లే, పెరంబూరులో ఆ సరుక్కి కొరత లేదు. మూడు సెకన్ల మౌనంలో ఓ లోకల్ బండి హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. "అద్భుతం! పాటలో భావం పట్టుకున్నారు." ఇస్త్రీ బట్టలతనొచ్చి కాలింగ్ బెల్ నొక్కాడు. "శ్రుతి ఒక్కసారి సరిచూసుకోండి." నిజం చెప్పాలంటే ఆ పొద్దంతా మాస్టారు చెప్పిన మాటల్లో న్యాయమైనది అదొక్కటే. ఆ బెల్లు రెండేళ్లుగా అపశ్రుతిలోనే ఉంది.

అరగంట గడిచింది. కుక్కరు, రైలు, బెల్లు ప్యాసయ్యాయి. గిటారున్న పిల్ల ఒక్కతే ఇంకా ఆరో తీగ దగ్గరుంది.

ఎందుకుందంటే, మాస్టారు శ్రుతికి కేటాయించినది పన్నెండు సెకన్లు. తీగకి రెండు సెకన్ల చొప్పున ఆరు తీగలు మీటి చూపించి "మీది కూడా ఇలా పెట్టుకోండి" అన్నారు. చెవి అలవాటుపడని పిల్లకి ఒక్కో తీగకి నిమిషం పైనే పడుతుంది. కొత్త తీగలైతే చివరిది అయ్యేసరికి మొదట పెట్టింది దిగిపోతుంది. తీగ సాగుతుంది కాబట్టి చేత్తో మెల్లిగా పైకి లాగి, మళ్లీ బిగించి, మళ్లీ లాగి, నాలుగైదుసార్లు చేస్తే గానీ నిలవదు. శ్రుతి ఎక్కువైతే కిందికి దించేసి అక్కడ వదలకూడదు. అవసరమైనదానికన్నా ఇంకాస్త దించి, కిందనుంచి బిగిస్తూ పైకి రావాలి. లేకపోతే బిరడ పళ్ల మధ్య వదులు అలాగే ఉండిపోయి ఐదు నిమిషాల్లో జారుతుంది. ఇందులో ఒక్క ముక్కా చెప్పలేదు.

పైగా ఇది చెన్నై. శ్రుతి పెట్టె లేని వీధుండదు. అందరికీ తెలిసిన లెక్కలో చెప్పొచ్చుగా! ఆరో తీగ నుంచి వరసగా ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ. అంటే మూడు శ్రుతి, ఆరు, రెండు, ఐదు, ఏడు, మళ్లీ మూడు. నాయనమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టి తనే పెట్టిచ్చేది. ఒక్క జాగ్రత్త చాలు: స్థాయి పొరబడకూడదు. లావు తీగ ఈ సుమారు 82 హెర్ట్జ్, సన్న తీగ ఈ సుమారు 330. ఒకదాన్ని పెట్టాల్సిన స్థాయికి పైస్థాయిలో పెట్టబోతే తీగ టప్పున తెగి ముఖాన కొడుతుంది. శ్రుతి పెట్టె లేకపోతే, ఆరో తీగని ఐదో ఫ్రెట్టు దగ్గర నొక్కితే వచ్చేది ఐదో తీగ శ్రుతి. అలాగే ఐదు నుంచి నాలుగు, నాలుగు నుంచి మూడు. మూడు నుంచి రెండుకి మాత్రం నాలుగో ఫ్రెట్టు. రెండు నుంచి ఒకటికి మళ్లీ ఐదు. ఆ నాలుగో ఫ్రెట్టు సంగతి చెప్పకపోతే రెండో తీగ అరస్వరం పైకెళ్తుంది, దాన్ని నమ్ముకున్న ఒకటోదీ అదే దారి పడుతుంది. ఆ తర్వాత ఏ కార్డు పట్టినా పుల్లగానే ఉంటుంది.

తర్వాతిది అనువాద మహిమ. గిటారు లోకంలో "కింది తీగ" అంటే శ్రుతిలో కిందిది, అంటే లావుది. ఒళ్లో పెట్టుకుంటే అది పైనుంటుంది. ఎవరో రాసిచ్చిన ఇంగ్లీషు పాఠాన్ని మాస్టారు మాటకి మాట తెలుగు చేసి "బొటనవేలితో కింది తీగ మీటండి" అంటారు. పిల్ల కళ్లకి కిందున్నది సన్నతీగ. దాన్నే మీటింది. బుంయ్ మనాల్సిన చోట కీచుమంది. మాస్టారు మూడు సెకన్లు ఆగి "చాలా బాగుంది" అన్నారు. మంద్రం, తారం అని మనకి రెండు మాటలున్నాయి. వాడుకుంటే డబ్బులేం అడగరు.

కెమెరా గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. ఏ-మైనర్ నుంచి సీ కార్డుకి వెళ్లేటప్పుడు చూపుడు వేలూ మధ్యవేలూ ఉన్నచోటే ఉంటాయి. ఉంగరపు వేలొక్కటే మూడో తీగ రెండో ఫ్రెట్టు వదిలి ఐదో తీగ మూడో ఫ్రెట్టుకి ఎక్కుతుంది. పాఠానికంతటికీ ప్రాణం ఆ అర సెకను. ప్రతి వారం సరిగ్గా ఆ అర సెకన్లోనే కెమెరా చెయ్యి వదిలేసి మాస్టారి ముఖానికెళ్తుంది. అక్కడినుంచి ఆయన వెనకున్న ప్లాస్టిక్ మొక్కకి. ఆ మొక్క ఆకులెన్నో పిల్లలందరికీ తెలుసు.

టీవీలో గిటారు నేర్పడమే తప్పని ఎవరూ అనరు. 1960లలోనే శాన్‌ఫ్రాన్సిస్కోలోని కేక్యూఈడీ టీవీ కేంద్రం నుంచి లారా వెబర్ అనే ఆవిడ జానపద గిటారు పాఠాలు చెప్పారు. అప్పట్లో పాఠం దాటిపోతే పోయినట్టే. ఇప్పుడు ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు. అయినా ఆ అర సెకనుకి తిప్పితే కనిపించేది మొక్కే.

ఆరో వారం ఎఫ్ కార్డొచ్చింది. చూపుడు వేలిని ఒకటో ఫ్రెట్టు దగ్గర ఆరు తీగల మీదా అడ్డంగా పరచి నొక్కాలి. పిల్ల నొక్కింది. ఆరింటిలో నాలుగు తీగలు ఠక్ ఠక్‌మని చెక్కని కొట్టినట్టు పలికాయి. మాస్టారు "చాలా బాగుంది" అని, దానితో ఊరుకోకుండా, "రాకపోతే మీ సాధన చాల్లేదన్నమాట" అన్నారు.

సాధన చాల్లేదా? ఆ పిల్ల రోజూ గంట కూర్చుంది! వేళ్ల కొసలు కందిపోతే చల్లటి నీళ్లలో ముంచుకుని మళ్లీ కూర్చుంది. మీ పాఠంలో ఏ వారమైనా, ఒక్కసారైనా, "మీ గిటారు తీగలు ఎంత ఎత్తున ఉన్నాయో చూసుకోండి" అన్నారా? పన్నెండో ఫ్రెట్టు దగ్గర ఆరో తీగకీ ఫ్రెట్టుకీ మధ్య ఖాళీ రెండున్నర మిల్లీమీటర్లు ఉండాలి. ఒకటో తీగకైతే రెండు. చవక గిటార్లు నాలుగు, ఐదు మిల్లీమీటర్లతో వస్తాయి. పెట్టెలోంచి తీసి అలాగే చేతిలో పెడతారు. దానికి తోడు సముద్రపు గాలికి చెక్క తేమ పీల్చి, పైపలక ఉబ్బి, తీగలు ఇంకా లేస్తాయి. మామూలు 12-53 (సన్న తీగ, లావు తీగ మందాలు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఉక్కు తీగలు ఆరూ కలిపి లాగే బలం 70 కిలోల పైమాట. ఆ పిల్ల బరువుకి దాదాపు రెట్టింపు. దాన్ని పన్నెండేళ్ల చూపుడు వేలితో అణచమని చెప్పి, అణచలేకపోతే సాధన చాల్లేదంటారా? చెప్పులో రాయి వేసి నడవమని, కుంటితే నడక రాదంటారా? ఎంతమంది పిల్లలు "నాకు సంగీతం రాదు" అని జీవితాంతం నమ్మేస్తున్నారో మీకేమైనా తెలుసా? మీరెలాగూ వినరు. వినే పనే పెట్టుకోలేదు కదా!

ఆ ఖాళీ కొలవడానికి కంపాసు పెట్టెలోని స్కేలు చాలు. స్కేలు అంచు నుంచి సున్నా గీతకి ఉన్న ఖాళీని లెక్కలో తీసెయ్యాలి, అంతే. ఎత్తుంటే బ్రిడ్జి మీది తెల్లటి శాడిల్ ముక్కని తీగలు వదులు చేసి బయటికి తీసి, అడుగున పెన్సిల్ గీత గీసి, గాజు పలక మీద ఉప్పుకాగితం పరచి సమంగా అరగదీయాలి. పన్నెండో ఫ్రెట్టు దగ్గర ఒక మిల్లీమీటరు దిగాలంటే శాడిల్ రెండు మిల్లీమీటర్లు అరగాలి. మెడలోని ఇనుప కడ్డీని తిప్పి ఎత్తు తగ్గించాలని చూసేవాళ్లున్నారు, ఆ కడ్డీ ఉన్నది మెడ వంపు సరిచెయ్యడానికి. ఎఫ్ దగ్గర ఏడిపించేది ముఖ్యంగా మెడ చివర తీగలు ఆనుకునే పట్టీ, నట్. తీగని మూడో ఫ్రెట్టు దగ్గర నొక్కి పట్టి ఒకటో ఫ్రెట్టు మీద చూస్తే కాగితం మందం ఖాళీ ఉండాలి. అక్కడ అట్టముక్క దూరుతుంటే నట్‌లో తీగలు కూర్చునే గాడులు లోతు చెయ్యాలి. అది మాత్రం రిపేరు తెలిసిన మనిషికే ఇవ్వాలి, ఆకురాయి ఒక్క గీటు ఎక్కువైతే తీగ ఫ్రెట్టుకి తగిలి జుయ్‌మంటుంది.

మనిషి దొరికేదాకా ఇంకో ఉపాయం. ఆరు తీగలూ ఒక పూర్తి స్వరం దించి, రెండో ఫ్రెట్టు దగ్గర క్యాపో (తీగలన్నిటినీ అడ్డంగా నొక్కిపట్టే క్లిప్పు) బిగించాలి. శ్రుతి పాతదే, బిగువు తగ్గింది, నట్‌తో పని లేదు. తీగలు 10-47 వేస్తే ఇంకా మెత్తన. అప్పటికీ ఎఫ్ రాకపోతే నాలుగో తీగ మూడో ఫ్రెట్టు, మూడో తీగ రెండో ఫ్రెట్టు, రెండో తీగ ఒకటో ఫ్రెట్టు నొక్కి, ఒకటో తీగ నొక్కకుండా వదిలేసి, ఆ నాలుగే మీటితే ఎఫ్ మేజర్ సెవెన్. చాలా పాటల్లో ఎవరూ తేడా అడగరు. ఇదంతా చెప్పడానికి ఐదు నిమిషాలు. కార్యక్రమం మొదట్లో వచ్చే గ్రాఫిక్స్ గిటారు గిరగిరా తిరగడానికే నిమిషంన్నర.

పదకొండో వారం. పెరంబూరు ఇంట్లో గిటారు సంచీలోకెళ్లి బీరువా ఎక్కింది. తీగలకి తుప్పు పట్టడం మొదలైంది. పిల్ల ట్యూషన్‌కి వెళ్లింది, నాన్న మార్కెట్‌కి. అలవాటు కొద్దీ టీవీ మోగుతోంది. ఆ రోజు హోటల్ నుంచి ఇడ్లీ తెచ్చుకున్నారు, కుక్కరు పెట్టలేదు. లోకల్ బండి కూడా ఏదో లైను పని వల్ల రాలేదు.

"ఇప్పుడు మీరు వాయించండి" అన్నారు మాస్టారు.

నాయనమ్మ చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని టీవీ వంక చూసింది. ఇల్లంతా నిశ్శబ్దం.

"చాలా బాగుంది!"