ఏడు సుడుల ఫైలు

ఘర్షణే లేని లోకం కావాలని కలలు కనేవారికి ఒక విన్నపం. అలాంటి లోకపు సమీకరణాలను గణితజ్ఞుడు ఆయిలర్ 1757లోనే అచ్చువేయించాడు. అక్కడ ద్రవానికి స్నిగ్ధత లేదు, అలసట లేదు. దాన్ని రెండు మితులకు, అంటే లోతు లేని చదునుకు కుదిస్తే మరీ ముచ్చట: ప్రతి ద్రవకణం తన వాటా వోర్టిసిటీని, అంటే తిరుగుడును, రవ్వంత పెంచుకోకుండా, తగ్గించుకోకుండా మోస్తూనే ఉంటుంది. ఇంత క్రమశిక్షణ గల సుడులకు స్థిరత్వం, అంటే కొంచెం కదిపినా చెదిరిపోని గుణం, మంజూరు చేయడానికి శాస్త్రజ్ఞులు పెట్టే తిప్పలు చూస్తే కడుపు మండుతుంది.

సమాన వోర్టిసిటీ నిండిన దీర్ఘవృత్తం ఆకారం చెడకుండా తిరుగుతుందని కిర్‌కాఫ్ 1876లో తేల్చాడు. 1893లో లవ్ అనే గణితజ్ఞుడు కొలబద్దతో వచ్చాడు. పొడవు వెడల్పుకు మూడు రెట్లు దాటితే అస్థిరం, పొమ్మన్నాడు. ప్రవాహంలో అడ్డు వెనక రెండు వరుసలుగా నడిచే కార్మన్ సుడుల సంగతి ఇంకా దారుణం. వరుసల మధ్య దూరానికీ, ఒకే వరుసలోని సుడుల మధ్య దూరానికీ 0.281 అనే ఒకే ఒక్క నిష్పత్తి ఉంటే గండం తప్పిందనుకుంటే, అతి చిన్న కదలికలనే చూసే రేఖీయ లెక్క దాటగానే అదీ నిలవలేదు.

అయితే అసలు అన్యాయం ఏడుకు జరిగింది. ఒక వృత్తం మీద సమదూరంలో సమాన బలం గల బిందు సుడులను, అంటే తిరుగుడంతా ఒక్క చుక్కలో ఉన్నవాటిని, నిలబెడితే మొత్తం గుంపు కలిసి తిరుగుతుంది. ఆరు వరకు స్థిరమేనని, ఏడు మాత్రం అస్థిరమని జె. జె. థామ్సన్ 1883లో తీర్పిచ్చాడు. ఎలక్ట్రాన్‌ను పట్టుకోబోయే మనిషి మాట కదా, ఎదురు చెప్పేదెవరు? లెక్కలో చిన్న పొరపాటు దొర్లిందని 1931లో హావ్‌లాక్ బయటపెట్టాడు. ఎనిమిది, ఆపైన అస్థిరమే. ఏడు మాత్రం అటూ ఇటూ కాకుండా గట్టు మీద కూర్చుంది. రేఖీయ విశ్లేషణ అంతకుమించి మాట్లాడదు. చివరికి 2002లో కురాకిన్, యుదోవిచ్ అరేఖీయ విశ్లేషణతో ఏడు కూడా స్థిరమేనని నిరూపించారు. మధ్యలో గడిచినవి 119 ఏళ్లు. ఇన్నేళ్లూ తన మీద పడ్డ నిందకు పరిహారం అడగాలని ఆ ఏడింటిలో ఒక్కదానికీ తోచకపోవడం వాటి సంస్కారం.

సమాన వోర్టిసిటీ నిండిన వృత్తానికైనా మర్యాద దక్కిందా అంటే, 1985లో దక్కింది, మెలికతో. దాన్ని కొంచెం కదిపితే, చెదిరిన విస్తీర్ణం ఎప్పటికీ కొంచెంగానే ఉంటుందట. విస్తీర్ణం మాత్రమే సుమా! అంచు నుంచి సన్నటి పోగులు లేచి, సాగి, వృత్తం చుట్టూ చుట్టుకుంటూ పోయినా వాటి విస్తీర్ణం సున్నాకు దగ్గరే కనుక స్థిరత్వానికి భంగం లేదు. అంచు పొడవు గురించి అడగడం సభామర్యాద కాదు.

కంప్యూటర్‌కు అంత పెద్దమనసు లేదు. ఆ పోగులను లెక్కించలేక అది చతికిలపడుతుంది. అందుకే 1988లో డ్రిట్‌షెల్ ఒక పద్ధతి కనిపెట్టాడు: నిర్ణీత మందం కన్నా సన్నబడిన పోగును కత్తిరించి పారేయడమే. దాని పేరు నిజంగానే కాంటూర్ సర్జరీ, అంటే అంచుకు శస్త్రచికిత్స. రోగి అనుమతి తీసుకున్న దాఖలా మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు.