పాత జీపు హీటెక్కితే పెద్ద రేడియేటర్ ఒక్కటే మందా?

ఎండలు మొదలైతే చాలు, మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది. పాత జీపు హీటెక్కుతుంటే థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్‌కి నీళ్ళు వదిలే కవాటం) పీకి పారేయాలట. నాలుగు వరసల గొట్టాలున్న అల్యూమినియం రేడియేటర్ వేయాలట. ఇంజిన్ ఫ్యాన్ తీసేసి గ్రిల్ వెనకాల ఎలక్ట్రిక్ ఫ్యాన్ బిగించాలట. ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు, అదే ష్రౌడ్, గాలికి అడ్డమట, కూలెంట్ దండగట. ఈసారి పంపింది మా బావ. ఆయనదీ నాదీ ఒకే రకం బండి, ప్యూజో డీజిల్ ఇంజిన్ ఉన్న మహీంద్రా ఎంఎం 540. రెండూ రావులపాలెం చుట్టుపక్కల పుంతల్లో, కొబ్బరి తోటల్లో, దాళ్వా కోతలప్పుడు చేల మధ్య తిరిగేవే. కాబట్టి బావకి చెప్పాల్సింది నలుగురికీ చెప్పేస్తున్నాను.

ముందు థర్మోస్టాట్ సంగతి. దీన్ని సమర్థించేవాళ్ళూ, ఖండించేవాళ్ళూ ఇద్దరూ పొరపాటు పడుతున్నారు. "అది లేకపోతే నీళ్ళు వేగంగా పారిపోతాయి, రేడియేటర్‌లో చల్లబడే టైము ఉండదు" అని కొందరు పాత మెకానిక్కులే అంటారు. అది తప్పు. నీళ్ళు ఎంత వేగంగా తిరిగితే అంత ఎక్కువ వేడి బయటికి పోతుంది. అసలు ఇబ్బంది వేరే. థర్మోస్టాట్ సాధారణంగా 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. అప్పటిదాకా నీళ్ళను ఇంజిన్‌లోనే తిప్పి తొందరగా వేడెక్కిస్తుంది. అది లేని డీజిల్ ఇంజిన్ చలికాలం పొద్దున్నే చాలాసేపు చల్లగానే నడుస్తుంది, పొగ వదులుతుంది, లోపల అరుగుతుంది. పైగా కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకోగానే దాని అడుగు భాగం బైపాస్ దారిని మూసేస్తుంది. అలాంటి ఇంజిన్‌లో థర్మోస్టాట్ పీకేస్తే కొంత వేడినీరు రేడియేటర్ మొహం చూడకుండానే వెనక్కి వచ్చేస్తుంది. అంటే హీటింగ్ తగ్గాల్సింది పోయి పెరగొచ్చు. అనుమానం ఉంటే థర్మోస్టాట్‌ని దారానికి కట్టి గిన్నెడు నీళ్ళలో వేలాడదీసి పొయ్యి మీద పెట్టండి. నీళ్ళు మరిగేలోపు తెరుచుకోకపోతే కొత్తది వేయండి.

రేడియేటర్ విషయంలో మెసేజ్ లోహం దగ్గర ఆగిపోయింది. నిజానికి వేడిని మోయడంలో అల్యూమినియం కన్నా రాగే ఒకటిన్నర రెట్లకు పైగా మెరుగు. కానీ పాత రేడియేటర్లలో ఇత్తడి గొట్టాలకూ రాగి రెక్కలకూ మధ్య మాటు (సోల్డరింగ్) ఉంటుంది, అక్కడ కొంత లాభం పోతుంది. అల్యూమినియంలో గొట్టాలు వెడల్పుగా చేయొచ్చు, బరువూ తక్కువ. బాగా కట్టింది ఏదైనా పని చేస్తుంది. మా వైపు నేను చూసేది ఇంకొకటి: పుంతలో కొమ్మ గుచ్చుకుని గొట్టం కారితే రాగి ఇత్తడి రేడియేటర్‌కి అమలాపురంలోనో తణుకులోనో గంటలో మాటు వేసి ఇస్తారు. అల్యూమినియానికి సరైన వెల్డింగ్ తెలిసినవాడి కోసం తిరగాలి.

ఇక నాలుగు వరసలు. వెనక వరసలకి అందేది ముందు వరసలు అప్పటికే వేడి చేసిన గాలి, కాబట్టి వరస పెంచినకొద్దీ లాభం తగ్గుతూ వస్తుంది. మందం పెరిగితే గాలి దూరడమూ కష్టమే. హైవే మీద అరవైలో పోయే బండికి గాలి దానంతట అదే తోసుకొస్తుంది. దమ్ము చేసిన చేలో లో గేరులో పాకే బండికి ఫ్యాన్ లాగిందే గాలి.

గాలి గురించి మాట్లాడుతూ రేడియేటర్ రెక్కల మధ్య ఏముందో చూడకపోతే ఎలా? మా సీమలో కోతలప్పుడు ఊక, గడ్డి తుక్కు. మిగతా ఏడాదంతా కొబ్బరి పీచు పొట్టు. బావ బండి రేడియేటర్ ముందువైపు చూస్తే శుభ్రంగానే ఉంది. వెనక టార్చి వేసి చూస్తే మూడో వంతు భాగంలో వెలుగే ఇవతలికి రాలేదు. ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ధారతో నీళ్ళు కొట్టాలి. సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోయి ఉన్న దారీ మూసుకుపోతుంది. వేల రూపాయల రేడియేటర్ కొనేముందు ఈ పని చేయించాను. టెంపరేచర్ మీటరు సూది అప్పుడే కొంత కిందికి దిగింది.

మిగతాది ష్రౌడ్ దించింది. ఏ మహానుభావుడు చెప్పాడో గానీ, మెసేజ్‌లో అన్నిటికన్నా హాని చేసే సలహా ఇదే. ఫ్యాన్ గుండ్రం, రేడియేటర్ నలుచదరం. ష్రౌడ్ లేకపోతే ఫ్యాన్ తన ఎదురుగా ఉన్న వృత్తంలోంచే గాలి లాగుతుంది, మూలలు ఊరికే ఉంటాయి. అది చాలదన్నట్టు రెక్కల చివర్ల నుంచి ఇంజిన్ వేడి గాలి ముందుకి తిరిగొచ్చి మళ్ళీ అందులోకే పోతుంది. ఫ్యాన్ రెక్కలు సుమారు సగం ష్రౌడ్ లోపల, సగం బయట ఉండేలా బిగించాలి. బావ దాన్ని రెండేళ్ళ క్రితమే పాత సామాన్లవాడికి వేసేశాడు. కొత్తది రేకుతో కొట్టించాం.

ఎలక్ట్రిక్ ఫ్యాన్‌ని పూర్తిగా కాదనను. ఇంజిన్ ఫ్యాన్ వేగం రెట్టింపైతే అది తినే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. వేగంగా పోయేటప్పుడు అది అక్కర్లేని ఖర్చే. కానీ పెద్ద ఎలక్ట్రిక్ ఫ్యాన్ 20 ఆంపియర్ల దాకా లాగుతుంది. రెండు 60 వాట్ల హెడ్‌లైట్లకి ఇంకో పది. పాత జీపు చిన్న ఆల్టర్నేటర్, ఎండిపోయిన వైరింగు దాన్ని ఎంతకాలం మోస్తాయి? వేస్తే ఆల్టర్నేటర్ మార్చి, రిలే, ఫ్యూజు, టెంపరేచర్ స్విచ్ పెట్టి, ష్రౌడ్‌తో సహా రేడియేటర్ వెనక వేయాలి. ముందు వేస్తే దాని మోటారూ చట్రమూ బండి పరిగెత్తేటప్పుడు వచ్చే గాలికే అడ్డం.

ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కి ఓటు వేసే కారణం మా దగ్గర ఒకటుంది, మెసేజ్‌లో అది లేనేలేదు. లంక దారుల్లో గోదారి పాయ దాటేటప్పుడు నీళ్ళు ఫ్యాన్ అందేదాకా వస్తే, తిరుగుతున్న రెక్కలు పడవ ప్రొపెల్లర్‌లా ముందుకి వంగి రేడియేటర్‌ని కోసేస్తాయి. ఎలక్ట్రిక్ అయితే స్విచ్ ఆపేయొచ్చు. ఇంజిన్ ఫ్యాన్ అయితే రేవు దగ్గర ఆగి బెల్టు తీసి, దాటి, వెంటనే మళ్ళీ వేసుకోవాలి. బెల్టు లేకపోతే నీళ్ళ పంపూ తిరగదు, అందుకే ఆ రెండు నిమిషాలకు మించకూడదు. ఇదంతా నిలకడ నీళ్ళకి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగుల మొదటి వరద హెచ్చరిక వచ్చిందంటే ఏ ఫ్యాన్ ఉన్నా బండి ఇంటి దగ్గరే.

కూలెంట్ దండగ అన్నదానికి రెండు మాటలు చాలు. వేడిని మోయడంలో ఉత్త నీళ్ళే మెరుగు, ఆ మాట నిజం. కానీ తీరం వైపు బోరు ఉప్పగా ఉంటుంది, కాలవ నీళ్ళలో ఒండ్రు ఉంటుంది, ఏది పోసినా ఏడాదికి గొట్టాల్లో పొరలు కడతాయి. తుప్పు ఆపేది కూలెంట్‌లోని మందులే. కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఇంకోటి, రేడియేటర్ మూత. అది పట్టి ఉంచే ఒక్కో పీఎస్ఐ ఒత్తిడికి నీళ్ళు మరిగే వేడి దాదాపు ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుంది. రబ్బరు ఎండిపోయిన మూతతో ఎంత పెద్ద రేడియేటరైనా పొంగుతుంది. బావ బండికి ఆ మూత కూడా మార్చాం. మొన్న రోహిణి కార్తెలో తోటలోంచి కొబ్బరికాయల లోడుతో వచ్చినప్పుడు సూది సగం దాటలేదు. పాత రేడియేటరే. ఆ మెసేజ్ మాత్రం ఆయన ఇంకా డిలీట్ చేయలేదు.