తాళం మళ్లీ పడే ఫోనేనా?

ఒంగోలు గిత్తను కొనడానికి వెళ్లిన రైతు ఊరికే డబ్బు తీసి చేతిలో పెట్టడు. పళ్లు లెక్కపెడతాడు, సుడులు వెతుకుతాడు, నాలుగడుగులు నడిపించి గిట్టలు చూస్తాడు. అదే రైతు కొడుకు ముప్పై వేల ఫోను కొనడానికి పది నిమిషాలు తీసుకోడు. కెమెరా ఎంత, బ్యాటరీ ఎంత, నెలకు వాయిదా ఎంత? మూడు ప్రశ్నలతో బేరం తెగిపోతుంది. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపుకు వెళ్లి నేను నాలుగో ప్రశ్న అడిగాను. "దీని బూట్‌లోడర్ తెరుచుకుంటుందా? తెరిచాక మళ్లీ మూయవచ్చా?" కౌంటర్ దగ్గరున్న కుర్రవాడు నన్ను కాసేపు పరికించి, "లాకులు తీసే పని మేం చెయ్యం సార్, పక్క సందులో అడగండి" అన్నాడు. దొంగ ఫోను తెచ్చానని అనుకున్నాడేమో.

కానీ గోప్యత కోరుకునేవారు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ఫోను ఆన్ చేయగానే ముందు లేచి సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రామే బూట్‌లోడర్. దాని తాళం తీస్తేనే కంపెనీ వేసిన సిస్టమ్ బదులు వేరేది వేయగలం. కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ బదులు వేసుకునే గ్రాఫీన్ ఓఎస్ గురించో లీనియేజ్ ఓఎస్ గురించో చదివి ఉత్సాహపడినవారిలో చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఫోను ముందు కొనేస్తారు, దానికి సరిపడే సిస్టమ్ కోసం తర్వాత వెతుకుతారు. పొలం కొన్నాక నీళ్లు పడతాయా అని ఆరా తీసినట్టు. ముందు సిస్టమ్ తేల్చుకోవాలి. అది ఏ ఫోను అడిగితే ఆ ఫోనే కొనాలి.

ఇంత ప్రయాస ఎందుకని అడిగేవారికి ఒక్క లెక్క చాలు. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ పరిశోధన ఒకటి 2021లో వెలువడింది. ఎవరూ ముట్టుకోకుండా పక్కన పెట్టిన ఆండ్రాయిడ్ ఫోనూ, ఐఫోనూ కూడా సగటున నాలుగున్నర నిమిషాలకోసారి తమ కంపెనీకి కబురు పంపుతున్నాయని అందులో తేలింది. మనం నిద్రపోతాం, ఫోను నిద్రపోదు. 2025 నవంబరు చివర్లో కొత్త ఫోన్లన్నింటిలో సంచార్ సాథీ యాప్‌ను ముందే వేసి అమ్మాలని కేంద్రం ఆదేశిస్తే దేశమంతా గొడవ చేసింది. డిసెంబరు 3న ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మంచిదే. మరి కంపెనీలు ముందే నింపి ఇచ్చే డజన్ల కొద్దీ యాప్‌ల మీద ఆ కోపంలో పదో వంతైనా ఎన్నడూ చూపలేదేం? సర్కారు చేయి పెడితే జేబు అని గుర్తొస్తుంది, కంపెనీ చేయి పెడితే ఆఫర్ అనుకుంటాం.

అసలు సంగతికి వద్దాం. తాళం తీయనివ్వని ఫోన్లు ఒక రకం. హువావే కంపెనీ 2018లోనే అన్‌లాక్ కోడ్లు ఇవ్వడం మానేసింది. తాళం తీయనిచ్చినా శిక్ష వేసేవి ఇంకో రకం. తాళం తీయనిచ్చే శాంసంగ్ ఫోన్లలో నాక్స్ అనే ఏర్పాటు ఉంది. అనధికార సిస్టమ్ వేసిన క్షణంలో లోపల ఒక ఫ్యూజు శాశ్వతంగా కాలిపోతుంది. పాత సిస్టమ్ తిరిగి వేసినా అది అతుక్కోదు. మన డబ్బుతో కొన్న వస్తువు మన మీదే వేసుకునే మచ్చ అది.

వీటన్నిటికన్నా ఎక్కువమంది మోసపోయేది మూడో రకంతో. తాళం సులువుగా తెరుచుకుంటుంది, కొత్త సిస్టమ్ హాయిగా ఎక్కుతుంది, తాళం మాత్రం మళ్లీ పడదు. లీనియేజ్ ఎక్కే ఫోన్లలో ఎక్కువ భాగం ఈ కోవలోనివే. తాళం పడితే ఏం జరుగుతుందంటే, ఫోను ఆన్ చేసిన ప్రతిసారీ ఒక్కొక్క పొర తన తర్వాతి పొర సంతకం సరిచూస్తుంది. ఎవరైనా మధ్యలో చేయి పెట్టి ఉంటే ఫోను లేవనే లేవదు. తాళం తీసి వదిలేస్తే ఈ కాపలా మొత్తం పోతుంది. మీ ఫోను అరగంట ఎవరి చేతిలోనైనా పడితే, వెనక్కి వచ్చింది మీ ఫోనేనని చెప్పలేరు. గూగుల్‌ను బయటికి పంపి తలుపు బార్లా తెరిచి పడుకోవడం గోప్యత కాదు. పాత ఫోనుకు ప్రాణం పోయడానికి లీనియేజ్ గొప్ప సాధనం, దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ రెండు పనులూ ఒకటి కావు.

అందుకే తమాషాగా అనిపించినా గూగుల్ నుంచి తప్పించుకోవాలంటే గూగుల్ ఫోనే కొనాలి. గూగుల్ తయారుచేసే పిక్సెల్‌లో పరాయి సిస్టమ్‌ను వేసి, ఆ సిస్టమ్ సొంత తాళంచెవిని ఫోనుకు నేర్పి, మళ్లీ బిగించవచ్చు. ఆన్ చేసినప్పుడు పసుపు రంగు హెచ్చరిక ఒకటి కనిపిస్తుంది, అంతే. రహస్యాలు దాచడానికి టైటాన్ ఎం2 అనే వేరే చిప్పు ఉంటుంది. పిక్సెల్ 8 నుంచి మెమరీ ట్యాగింగ్ అనే హార్డ్‌వేర్ రక్షణ కూడా వచ్చింది. ప్రోగ్రాములోని మెమరీ తప్పుల సందుల్లోంచి దూరే దాడులను అది అక్కడికక్కడే పట్టుకుంటుంది. గ్రాఫీన్ ఓఎస్ బృందం ఇన్నేళ్లుగా పిక్సెల్‌ను పట్టుకుని వేలాడింది గూగుల్ మీద ప్రేమతో కాదు.

ఏ పిక్సెల్? ధర కన్నా ముందు ఆయుష్షు చూడండి. లోపాలు పూడ్చే అప్‌డేట్లు, అంటే కంపెనీ ప్యాచ్‌లు, ఆగిన రోజున చిప్పుల్లోని సాఫ్ట్‌వేర్‌కు దిక్కుండదు, పైన ఎంత మంచి సిస్టమ్ వేసినా సరే. పిక్సెల్ 6కు 2026 అక్టోబరుతో గడువు తీరుతుంది. చవకగా దొరికినా వద్దు. 7ఎకు 2028 మే వరకే. 8 నుంచి ఏడేళ్ల హామీ ఉంది. 2024 మేలో రూ.52,999కు మన దేశంలో విడుదలైన 8ఎకు 2031 మే దాకా అప్‌డేట్లు వస్తాయి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఇదే నా ఎంపిక. డబ్బిచ్చే ముందు మాత్రం ఒక పరీక్ష చేయండి. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయి. ఫోనుకు నెట్ ఉండగా అందులో తాళం తీయనిచ్చే "ఓఈఎం అన్‌లాకింగ్" మీట కదిలితేనే బేరం ఆడండి. అమెరికాలో వెరైజాన్ కంపెనీ అమ్మినవైతే ఆ మీట బూడిద రంగులో బిగుసుకుపోయి ఉంటుంది. చెన్నై నుంచి వచ్చిందంటూ అమ్మిన ఒక ఫోనులో ఆ మీట కదలక నేను ఆరు నెలలు చేతులు కాల్చుకున్నాను.

ఇక ఆ పిక్సెల్‌లో వేసుకునే గ్రాఫీన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది. మన జిల్లాల్లో అప్పుల యాప్‌ల బారిన పడిన ఇళ్లను చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఐదువేల అప్పు కోసం కాంటాక్టులన్నీ అప్పగిస్తాం. వాయిదా తప్పితే అత్తగారికీ, ఆఫీసులో అధికారికీ ఫోన్లు వెళతాయి. కాంటాక్టుల జోలికి వెళ్లవద్దని రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులోనే అప్పుల యాప్‌లకు చెప్పింది. కాగితం మీది ఆ మాటను ఫోనులో అమలు చేసే మీట గ్రాఫీన్‌లో ఉంది. కాంటాక్టులు ఇస్తే గానీ కదలనని యాప్ మొండికేస్తే "సరే, తీసుకో" అంటాం, అది చూసేది ఖాళీ పుస్తకం. ఫొటోలకూ ఇదే ఏర్పాటు ఉంది. ఏ యాప్‌కు ఇంటర్నెట్ ఇవ్వాలో, దేనికి అక్కర్లేదో విడివిడిగా చెప్పవచ్చు. టార్చిలైటుకు ఇంటర్నెట్ ఎందుకు? గూగుల్ ప్లే కావాలంటే దాన్ని కూడా మామూలు యాప్‌లా, ఏ ప్రత్యేక అధికారమూ లేకుండా ఒక మూల కూర్చోబెట్టవచ్చు.

"దాచుకోవడానికి మా దగ్గర ఏముంది? పాడైతే బాగు చేయడానికి చెన్నై పరుగెత్తాలి, పైగా బ్యాంకు యాప్ తెరుచుకోదు" అంటారు. మొదటిదానికి సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24నే జవాబు చెప్పేసింది. గోప్యత ప్రాథమిక హక్కు. స్నానాల గదికి తలుపు పెట్టుకున్నవాడు నేరస్థుడు కాదు. రెండోది నిజమే, ఒప్పుకుంటాను. మూడోది మాత్రం నాకు ఒళ్లు మండించే విషయం.

కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోగానే ప్లే ఇంటిగ్రిటీ అనే గూగుల్ తనిఖీ ఏర్పాటు ద్వారా గూగుల్‌ను అడుగుతాయి: ఈ ఫోను నీ ముద్ర ఉన్నదేనా? గ్రాఫీన్ వేసిన ఫోనుకు, భద్రతలో ఎంత ముందున్నా, ఆ ముద్ర పూర్తిగా పడదు. ఏళ్ల తరబడి ప్యాచ్ ముఖం చూడని పాత ఫోను మాత్రం దర్జాగా లోపలికి పోతుంది. నెల్లూరు నుంచి ఒంగోలు వెళుతుంటే టంగుటూరు దగ్గర టోల్ కడతాం. అక్కడ బండి రకం చూస్తారు, డబ్బు తీసుకుంటారు. ఇంజను ఎవరి షెడ్డులో బాగు చేయించావని అడగరు. ఇక్కడ అడుగుతున్నది అదే.

యూపీఐ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. రిజర్వ్ బ్యాంకు, బ్యాంకుల సంఘం కలిసి 2008లో పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ ఎన్‌పీసీఐ దాన్ని నడుపుతోంది. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే 2,000 కోట్ల లావాదేవీలు దాటాయి. ఇడ్లీ బండి నుంచి రొయ్యల మేత కొట్టు దాకా దాని మీదే బతుకుతున్నాయి. ఇంత పెద్ద ప్రజా రహదారి మీద ఎవరు నడవవచ్చో తేల్చే గుమస్తా ఉద్యోగం ఒక అమెరికన్ కంపెనీకి ఎవరిచ్చారు? ఇంకా విచిత్రం వినండి. బటన్ ఫోను ఉన్నవారి కోసం 2022లో యూపీఐ 123పే వచ్చింది. ఏ భద్రతా చిప్పూ లేని ఫోను నుంచి పదివేల దాకా పంపవచ్చు. బటన్ ఫోనును నమ్మే వ్యవస్థకు నెలనెలా ప్యాచ్ వేసుకునే ఫోను అనుమానాస్పదం!

దీనికి విరుగుడు లేక కాదు. ఫోనులోని చిప్పునే నేరుగా ప్రశ్నించి, తాళం పడి ఉందో లేదో, ఏ సిస్టమ్ సంతకం ఉందో తెలుసుకునే హార్డ్‌వేర్ అటెస్టేషన్ పద్ధతి ఆండ్రాయిడ్‌లో ఎప్పటినుంచో ఉంది. గ్రాఫీన్ తన సంతకాలను బహిరంగంగానే పెట్టింది. బ్యాంకులు ఆ జాబితాను తమ యాప్‌లో చేర్చుకుంటే సరిపోతుంది. యూపీఐలో చేరే ప్రతి యాప్‌కూ ఎన్‌పీసీఐ ఇది షరతుగా పెట్టాలి, లేదా రిజర్వ్ బ్యాంకే పెట్టించాలి.

అప్పటిదాకా నేను చేస్తున్నది ఇది. జేబులో 8ఎ ఉంటుంది. నా ఖాతా ఉన్న బ్యాంకు యాప్ అందులో తెరుచుకోదు కనుక, దాని కోసమే ఒక పాత ఫోను బీరువాలో పెట్టాను. డబ్బు పంపాల్సి వచ్చినప్పుడు బీరువా తెరిచి, ఛార్జింగ్ పెట్టి, అది లేచేదాకా కాచుకుంటాను. ఆ ఫోనుకు చివరి ప్యాచ్ వచ్చి మూడేళ్లు దాటింది. బ్యాంకు లెక్కలో మా ఇంట్లోకెల్లా భద్రమైన ఫోను అదే.