టేర్ బటన్ గారి దివ్య సముఖానికి

ఖాళీ బెల్టు బరువును సున్నాగా చూపించే మహారాజశ్రీ టేర్ బటన్ గారికి, సిమెంటు మిల్లు మెకానికల్ షిఫ్టు వాళ్ళు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అందామంటే జిప్సాన్ని తూస్తూ మిల్లులోకి పోసే వే ఫీడర్ బెల్టు కుశలంగా లేదు. తమరు మాత్రం నిగనిగలాడుతున్నారు, నొక్కే వేళ్ళు అన్ని మరి.

బెల్టు కింద బరువు తూచే రోలరు, అదే వే ఐడ్లర్, దాని ఫ్రేము మీద కిలో జిప్సం గడ్డకట్టిందనుకోండి. తూకపు పొడవు మీటరు, బెల్టు వేగం సెకనుకు 0.1 మీటరు. సెకనుకు కిలోలను గంటకు టన్నులుగా మార్చే 3.6తో హెచ్చిస్తే ఖాళీ బెల్టు కూడా గంటకు 0.36 టన్ను మోస్తున్నట్టు కంట్రోలర్ చెబుతుంది. 5 టన్నులు అడిగితే మిల్లులో పడేది 4.64. బ్రష్షుతో దులిపితే పోయేదానికి తమరిని నొక్కుతారు. అంకె సున్నా అవుతుంది, గడ్డ అక్కడే ఉంటుంది. ఏ అర్ధరాత్రో అది ఊడి పడితే మిల్లులోకి 5.36 వెళుతుంది. పొద్దున్నే ల్యాబు వాళ్ళు జిప్సం ప్యూరిటీ మారిందంటారు! మసిపూసి మారేడుకాయ చేయడంలో తమరిని మించినవారు లేరు.

చిరిగిన బెల్టుకు క్లిప్పులు కొట్టినా అంతే. తమరు పూర్తి చుట్ల సగటు తీసి క్లిప్పుల బరువును కలిపేసుకుంటారు. కానీ ఆ బిరుసు అతుకు ఐడ్లర్ మీదకొచ్చిన ప్రతిసారీ కొట్టే దెబ్బ, బెల్టు మీద సరుకును బట్టి మారుతుంది. దాన్ని తమరు సగటులో కలపలేరు.

తమరి కంట పడనిది ఇంకోటి ఉంది. బెల్టు వెనక చివర తిరిగే 200 మిల్లీమీటర్ల టెయిల్ పుల్లీకి చుట్టూ 3 మిల్లీమీటర్ల పొర అంటుకుంటే వ్యాసం 206 అవుతుంది. స్పీడ్ సెన్సర్ పుల్లీ చుట్లనే లెక్కిస్తుంది గనక, బెల్టు 3 శాతం ఎక్కువ పరిగెత్తినా దానికి తెలియదు. సరుకు 3 శాతం ఎక్కువే పోతుంది. ఖాళీ బెల్టు మీద తమరిని ఎన్నిసార్లు నొక్కినా ఇది బయటపడదు. బెల్టు లోపలి వైపు పడ్డ సరుకును గీకేసే ప్లౌ రబ్బరు అరిగిందేమో చూడాలి. ఆ పని చేయడానికి వంగాలి, అదే చిక్కు.

బెల్టు మార్చడం అశ్వమేధమేమీ కాదు. పైనుంచి సరుకు రాకుండా ఆపే రాడ్ గేటు మూసి బెల్టు ఖాళీ చేయాలి, పవర్ తీసి తాళం వేయాలి. బరువు కొలిచే సెన్సర్, అదే లోడ్ సెల్, దానికి లాక్ బోల్టు బిగించాకే ఎవరైనా లోపలికి చేయి పెట్టాలి, లేకపోతే ఐడ్లర్ మీద కాలేసే ఒక్క మహానుభావుడు చాలు, బెల్టుతోపాటు సెల్లూ కొనాల్సిందే. సరుకు పక్కలకు కారకుండా ఆపే స్కర్ట్ రబ్బరు, బెల్టును గీకే స్క్రేపర్ విప్పి, బెల్టును బిగించే టేక్-అప్ స్క్రూలు రెండు పక్కలా సమానంగా వదిలి, ఒక పక్క సపోర్టు తీస్తే ఒకే చుట్టుగా ఉండే ఎండ్‌లెస్ బెల్టు పక్కనుంచి వచ్చేస్తుంది. కొత్తది ఎక్కించేలోగా పుల్లీలు గీకాలి, వే ఐడ్లర్, దాని ముందూ వెనకా ఐడ్లర్లు ఒకే మట్టంలో ఉన్నాయో లేదో దారం లాగి చూడాలి. బాణం గుర్తు తిరిగే దిక్కుకే ఉండాలి.

కొత్త బెల్టు సాగుతుంది. కొన్ని గంటలు ఖాళీగా తిప్పి, మళ్ళీ బిగించి, పక్కకు పాకకుండా సరిచేసి, లాక్ బోల్టు వదిలాక తమరి వంతు. ఆ తర్వాత తెలిసిన బరువు పెట్టి చూసే చెక్ వెయిట్. ఆఖరున సరుకును లారీలోకి మళ్ళించి కాటా వేయించాలి. కాటా చీటీ ముందు తమరి సున్నా చెల్లదు.

ఇకపై ప్యానెల్ తలుపుకు ఒక కాగితం వేలాడుతుంది: పాత టేర్, కొత్త టేర్, ఎందుకు నొక్కారు. మూడో గడి నింపని వేలికి తమరు లొంగవద్దని మనవి.

ఇట్లు,
తమరి వల్ల పని తగ్గినా తిట్లు తగ్గని
మెకానికల్ షిఫ్టు